నలభై దినాల కూరలు

మార్చి 7, శుక్రవారం

ఏడింటికే ఎండ ముదిరింది. గాలి లేదు. కూలర్‌కు పాత గడ్డి పీకేసి కొత్త గడ్డి కట్టాను. తీగ వేలికి గుచ్చుకుంది.

నిన్న వనపర్తి పోయి వచ్చాం. కిడ్నీ డాక్టరు మహబూబ్‌నగర్ నుంచి రెండు వారాలకోసారి గురువారం వస్తాడు. ఎస్తేరమ్మను ఈసీజీకి పక్క గదిలోకి పంపి, నన్ను కూర్చోమన్నాడు. నీ భార్య కిడ్నీలు నూటికి పదిహేను పాళ్లే పని చేస్తున్నాయన్నాడు. రక్తంలో పొటాషియం అయిదు లోపల ఉండాలట. ఆమెకు 5.8 ఉంది. పెరిగితే గుండె మీదికి వస్తుంది, ఆరున్నర దాటితే అదే రోజు డయాలసిస్ మిషన్ మీద పండబెట్టాలి అన్నాడు.

తిండి సంగతి కాగితం మీద రాసి ఇచ్చాడు. కూరగాయలు చిన్న ముక్కలు కోయాలి. నిండా నీళ్లు పోసి ఉడికించి, ఆ నీళ్లు పారబోయాలి. ఆ తర్వాతే పోపు. పొటాషియం నీళ్లలోకి దిగిపోతుందట. ఆకుకూర, టమాట, ఆలుగడ్డ, చింతపండు, కొబ్బరి, అరటిపండు వద్దు. ఉప్పు చిటికెడు, నూనె చెంచాడు. రొట్టె పూటకొకటి. ఆమెకు నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా అని అడిగాడు. నేను చెప్తానన్నాను.

చెప్పలేదు. బస్సులో అడిగింది, ఏమన్నడు అని. ఉప్పు తగ్గించమన్నాడు, కాళ్ల వాపు దాంతోనే పోతుందట అన్నాను.

ఆమె అన్న యోసేపు ఆరేళ్ల కింద హైదరాబాద్‌లో ఆ మిషన్ మీద నాలుగు నెలలు ఉండి పోయాడు. మట్టి వేసి వచ్చిన రోజు ఎస్తేరమ్మ నా చెయ్యి పట్టుకుని, నాకెన్నడన్న గిట్లయితే ఆ మిషన్ల పండవెట్టకు, ఇంట్లనే పోనియ్యి అన్నది. ఆ మాట నేను మళ్లీ వినలేను. అంకె దిగితే వినే అవసరమే రాదు.

మొన్న బుధవారం నుంచి శ్రమ దినాలు నడుస్తున్నాయి. ఈస్టరు దాకా మా ఇంట్లో మాంసం ఉండదు. ఒక్కొక్కరు ఒక్కో తీర్మానం చేసుకుంటారు. ఆమె ఏటా చాయ మానేస్తుంది. ఈ నలభై దినాలు కూర నేను వండుతానని తీర్మానం చేసుకున్నట్టు చెప్పాను. ప్రార్థన పేరు పెట్టి అబద్ధం చెప్పడం ఇదే మొదలు.

ఆమె నమ్మలేదు. ముప్పై అయిదేండ్లల్ల చాయ గ్లాసు కడిగినోడివి కాదు, దేవుడు నీకు కలలకొచ్చిండా ఏంది అన్నది. రొట్టె మాత్రం నీకు కాదు, అది నేనే కొట్టుకుంట అన్నది. సరేనన్నాను.

డాక్టరు కాగితం నేను లారీల లెక్క రాసే గోదాము గేటు పుస్తకం అట్టలో పెట్టాను.

మార్చి 8, శనివారం

పెబ్బేరు సంత. ఎడ్లు దిగే చోటు దాటి కూరగాయల వైపు పోయేసరికి చొక్కా తడిసింది. సొరకాయ, బీరకాయ, దొండకాయ, క్యాబేజీ. టమాటలు కుప్పగా పోసి పిలిచి ఇస్తున్నారు. తల తిప్పుకుని వచ్చాను.

పెండ్లికి ముందు కూలీల గుంపుతో కాలువ పనులకు తిరిగినప్పుడు నలభై మందికి పప్పు వండిన చెయ్యే ఇది. పగలు వంట, రాత్రి మేస్త్రీ పక్కన కూర్చుని హాజరు పుస్తకం చూసి అక్షరాలు నేర్చుకున్నాను. నలభై మందికి వండటం తేలిక. ఇద్దరికి ఉప్పు ఎంతో తెలియదు.

మార్చి 9, ఆదివారం

సొరకాయ. రెండు ముద్దలు తిని, ఇది తీర్మానమా శిక్షనా అని అడిగింది.

మార్చి 10, సోమవారం

పద్ధతి ఒకటి కుదిరింది. ఆరింటికి లేచి ముక్కలు తరగడం, ఉడికించడం, చిల్లుల గిన్నెలో వార్చడం. నీళ్లు కింద పెద్ద గిన్నెలోకి దిగుతాయి. వేడి నీళ్లు నేల మీద పోయొద్దని మా అమ్మ అనేది. మట్టిలో పురుగూ చీమా ఉంటాయి, చల్లారినాక పోయాలి అనేది. అందుకని గిన్నె గట్టు మీద చల్లారబెట్టి, పోపు వేసి, డబ్బా కట్టుకుని తొమ్మిదింటికి గోదాముకు పోతున్నాను. సాయంత్రం వచ్చేసరికి గిన్నె కడిగి బోర్లించి ఉంది. ఆ నీళ్లు ఆమె పెరటి జామ మొక్కకు పోసినట్టుంది. మంచిదే.

ఈ రోజు బీరకాయ. ముద్దయిపోయింది. నీళ్లల్ల నానవెట్టిన అట్టపెట్టె లెక్క ఉన్నది అన్నది. అయినా తిన్నది.

మార్చి 12, బుధవారం

క్యాబేజీ కుదిరింది. రాసి పెట్టుకోవాలి.

సన్నగా తరిగి మరిగే నీళ్లలో వేశాను. మెత్తబడకముందే, పంటికి కొంచెం తగిలేటప్పుడే వార్చాను. పలుచని బట్టలో మూటగట్టి గట్టిగా పిండాను. నీళ్లు ఉంటే పోపు పట్టదు. ఇన్నాళ్లు అక్కడే తప్పుతున్నాను. మూకుడులో చెంచాడు నూనె, జీలకర్ర, దంచిన ఎల్లిగడ్డ నాలుగు రెబ్బలు, ఎండు మిరపకాయ ఒకటి, కరివేపాకు. ఎల్లిగడ్డ ఎర్రబడ్డాకే క్యాబేజీ. పెద్ద మంట, నాలుగు నిమిషాలు. దించాక చిటికెడు ఉప్పు, అరచెక్క నిమ్మరసం. ఉప్పు ముందు వేస్తే లోపలికి పోయి నాలుకకు తెలియదు. చివర వేస్తే అదే చిటికెడు పైనే ఉండి పనిచేస్తుంది. పులుపు తోడైతే సగం ఉప్పు చాలు.

ఎస్తేరమ్మ మారు వేసుకుంది.  గిన్నె వంక చూసింది, ఇంకా ఉందా అని.

పక్కింటి బాలనాగమ్మ గోడ మీదుగా అడిగిందట, వదినె, మీ ఇంట్ల వాసన గుమగుమ వస్తుంది, అన్న ఏం చేస్తుండు అని. మా ఇంటాయనకు కూడ జర నేర్పియ్యమను, వచ్చే జన్మలకన్న పనికొస్తది అన్నదట. బాలనాగమ్మ ఇంటాయనకు తొమ్మిదెకరాల కందిచేను ఉంది, మంచినీళ్లు ముంచుకోవడం తెలియదు.

మార్చి 14, శుక్రవారం

పొట్లకాయ. క్యాబేజీ పద్ధతే. బాగుంది.

మార్చి 16, ఆదివారం

మందిరం అయిపోయాక నలుగురు ఆడవాళ్లు ఇంటికి వచ్చారు. ఎస్తేరమ్మ కాళ్లు వాచాయని తెలిసిందట. ప్రార్థన చేసి మూడు కొబ్బరి బొండాలు, డజను అరటిపండ్లు పెట్టి పోయారు. రెండూ కాగితంలో ఉన్నవే. కొబ్బరి నీళ్లు చలవ, పొద్దున పరగడుపున తాగక్కా అని చెప్పి పోయారు.

బొండాలు సంచిలో వేసుకుని, గోదాములో హమాలీలు అడిగారని చెప్పి ఆదివారం పూట అటు పోయాను. గేటు దగ్గర కూర్చుని మూడూ నేనే తాగాను. అరటిపండ్లు దారిన పోయే మేకల మందకు పెట్టాను. మేకలను కాసే ముసలాయన, నీ పేరు ఏంది అయ్యా, ఎందుకు పెడుతున్నవు, మొక్కా అని అడిగాడు. పేరు ఆశీర్వాదం, మొక్కే అన్నాను.

ఇంటికి వస్తే ఎస్తేరమ్మ, సేవ చేసే చెయ్యికి పండు ఇచ్చుడు బరువాయెనా, నాకొక్కటన్న ఉంచకపోతివి అన్నది.

మార్చి 20, గురువారం

వనపర్తి. 6.1.

పెరిగింది. పదమూడు రోజులు ఒక్క పూట తప్పకుండా ఉడికించి వార్చాను. డాక్టరు నా వైపు చూసి, చెప్పినట్టే చేస్తున్నావా అని అడిగాడు. చేస్తున్నానన్నాను. మరి ఏదో ఒకటి లోపలికి పోతుంది, ఇంట్లో చూసుకో అన్నాడు. నీళ్లలో కలిపి తాగే పొడి రాశాడు. రెండు వారాల్లో దిగకపోతే ఆస్పత్రిలో భర్తీ చేసుకుంటానన్నాడు.

ఎస్తేరమ్మ బయట బెంచీ మీద, పక్కన ఉన్న ఎవరి పిల్లకో జడ వేస్తున్నది. పొడి ఎందుకంటే అరగడానికి అన్నాను.

మార్చి 21, శుక్రవారం

గోదాముకు పోతున్నట్టు పోయి పదింటికి తిరిగి వచ్చాను. ఆమె కుళాయి దగ్గర ఉంది. వంటింట్లో బియ్యం డ్రమ్ము వెనుక మామిడి తొక్కు పచ్చడి సీసా దొరికింది.

 సీసా తీసుకుని కుళాయి దగ్గరికే పోయి, దొంగతనంగా తింటున్నావా అని అడిగాను. నలుగురు ఆడవాళ్లు బిందెలు పట్టుకుని ఉన్నారు. బాలనాగమ్మ కూడా ఉంది. నేను ఎన్నడూ గొంతు లేపినవాణ్ని కాదు. ఎస్తేరమ్మ బిందె దించి, సీసా నా చేతిలోంచి తీసుకుని, మూతికి కట్టిన బట్ట ముడి చూపించింది. ముడి మీద మైనం అట్లనే ఉంది. మన బిడ్డ ఈస్టరుకు వస్తే ఇద్దామని పెట్టిన, ఇప్పుడు అందరు చూసిండ్రు గద, నాలుక కూడ చూపియ్యాల్నా అన్నది.

బీరకాయ తరిగాను. ఉడికించాను. వార్చాను. పోపు మాడింది.

మార్చి 23, ఆదివారం

మాటలు లేవు. దొండకాయ. తిన్నది.

మార్చి 26, బుధవారం

గేటు పుస్తకంలో లారీ బరువు రాసే చోట 6.1 అని రాశాను. డ్రైవరు చూసి, అన్నా, నా బండిని చెప్పుల డబ్బా అనుకుంటున్నవా, పదారు టన్నులు అన్నాడు. కొట్టేసి రాశాను. ఇరవై ఏళ్లలో కొట్టివేత ఇదే మొదలు.

కుదురుగా ఉండలేకపోతున్నాను. కూర్చుంటే లేవాలనిపిస్తుంది. మధ్యాహ్నం డబ్బా విప్పి తినకుండా మూశాను. ఎక్కడి నుంచి లోపలికి పోతుంది. కూర నేనే వండుతున్నాను. తొక్కు లేదు. పండు లేదు. అన్నం ఒక్క గంటె. రొట్టె జొన్నపిండి, నీళ్లు, అంతే. నీళ్లు మారిస్తే ఏమైనా తేడా పడుతుందేమోనని కుళాయి నీళ్లు మాన్పించి క్యాన్ నీళ్లు తెప్పించాను.

సొరకాయ రెండుసార్లు ఉడికించాను. రెండు నీళ్లూ వార్చాను.

మార్చి 27, గురువారం

ఈ రోజు మాట్లాడింది. కాకరకాయ చేదు పిండలేదు అన్నది. ఆ ఒక్క మాటకు నాకు ఆకలైంది.

మార్చి 30, ఆదివారం

ఉగాది. బాలనాగమ్మ భక్ష్యాలు, చెంబెడు ఉగాది పచ్చడి పంపింది. చింతపండు, బెల్లం, మామిడి. చెంబు చూస్తే నాకు డాక్టరు కాగితమే కనిపించింది. ఎస్తేరమ్మ గ్లాసులు తెచ్చేలోపల చెంబు ఎత్తి మొత్తం తాగేశాను. ఎండకు దాహమైంది అన్నాను.

బాలనాగమ్మ సాయంత్రం చెంబుకు వచ్చి, పండుగ మాది, కరువు నీదా అన్నా అన్నది. ఎస్తేరమ్మ నవ్వింది. తొమ్మిది రోజులకు నవ్వింది. నాకు బాగుంది.

ఏప్రిల్ 1, మంగళవారం

బిడ్డ నిరోష నాగర్‌కర్నూల్ నుంచి వచ్చింది. అక్కడ బట్టల దుకాణంలో చేస్తుంది. ఒక్క రోజు సెలవు దొరికిందట. తల్లిని చూసి, మొఖం ఇట్ల తెల్లగైంది ఏంది నాయనా అని నన్ను అడిగింది. దానికీ నేను చెప్పలేదు. రెండు కిలోల బీట్‌రూట్ తెచ్చింది. రక్తం పడుతది, రోజూ పెట్టు నాయనా, నీ తీర్మానం సంగతి మా దుకాణంల అందరికి చెప్పిన, నీ ఫొటో పంపుమంటున్నరు అన్నది.

సాయంత్రం బస్సుకు పోయింది. ఎక్కేటప్పుడు నా చెవి దగ్గరికి వచ్చి, అమ్మకు ఏమైనా ఉంటే చెప్తవు గద అన్నది. తల ఊపాను.

ఏప్రిల్ 2, బుధవారం

రేపు వనపర్తి.

బీట్‌రూట్ పారేస్తే ఎస్తేరమ్మ అడుగుతుంది, బిడ్డ తెచ్చింది ఏమైందని. ఒకటే కాయ తీసుకుని, పొట్టు తీసి, గోరంత ముక్కలు కోసి రెండుసార్లు ఉడికించాను. నీళ్లు రెండుసార్లూ రక్తంలా దిగాయి. గిన్నె గట్టు మీద చల్లారబెట్టాను. రంగు పోయిన ముక్కలకు జీలకర్ర పోపు, నిమ్మరసం. డబ్బా కట్టుకుని పోయాను.

సాయంత్రం ఆరున్నరకు కాళ్లు కడుక్కుని కూర్చున్నాను. కంచంలో రొట్టె వేసింది.

రొట్టె గులాబి రంగులో ఉంది.

 ఎస్తేరమ్మ పక్కన కూర్చుని, మంచిగున్నది గద, పెండ్లి రొట్టె లెక్క అన్నది. పిండి దేనితో కలిపావు అని అడిగాను. నువ్వు వార్చిన నీళ్లతోనే, రోజు దాంతోనే కలుపుతున్న, జొన్నపిండికి ఎట్లయినా వేడి నీళ్లు కావాలె, అవే మళ్ల కాచి పోస్తున్న అన్నది. మిగిలినవి ఏం చేస్తున్నావంటే, మధ్యాహ్నం జీలకర్ర ఏసి చారు కాచుకొని తాగుతున్న అన్నది. నువ్వేమో గట్టు మీద పెట్టి పారబోసేతందుకు చూస్తివి, బలమంత పోయె అనుకొని తీసిన అన్నది.

ఎస్తేరమ్మ ఇరవై రెండేళ్లు అంగన్‌వాడీలో ఆయాగా చేసింది. ప్రతి నెలా తల్లులను కూర్చోబెట్టి చెప్పేది, కూరగాయలు ఉడికిచ్చిన నీళ్లు పారబోయొద్దమ్మా, సత్తువంత ఆ నీళ్లల్లనే దిగుతది అని. గోడ మీద బొమ్మ ఉండేది. వందల మంది తల్లులకు చెప్పి ఉంటుంది. ఎప్పుడో నాకు కూడా చెప్పింది.

డాక్టరు చెప్పిందీ అదే. సత్తువ నీళ్లలోకి దిగుతుందనే. నేను వార్చాను, ఆమె ఎత్తుకుంది. మార్చి 10 నుంచి ఇరవై నాలుగు రోజులు.

  లేచి ఈ పుస్తకం తెచ్చి, మార్చి 7 దగ్గర తెరిచి ఆమె ఒళ్లో పెట్టాను. బయటికి వచ్చి జామ మొక్క దగ్గర నిలబడ్డాను. మొక్క మొదట్లో మట్టి పొడిగా ఉంది.

ఏప్రిల్ 3, గురువారం, ఉదయం

పుస్తకం గట్టు మీద ఉంది. క్యాబేజీ రోజు పక్కన పెన్సిలుతో గీత పెట్టి, ఇది బాగుండె అని రాసింది. మార్చి 21 పక్కన ఏమీ రాయలేదు, గీత మాత్రం గట్టిగా పడింది, కాగితం చిరిగింది.

ఆరింటికే లేచి తయారై కూర్చుంది. నీళ్లు పారబోయ్యాలె అని ఒక్క మాట చెప్తె నీ నోరు అరుగుతుండెనా అన్నది. వెయ్యి మంది తల్లులకు అర్థమయ్యేతట్టు చెప్పినదాన్ని, నాకు చెప్తె అర్థం కాదనుకున్నవా అన్నది. నా పానం సంగతి మేకలు కాసేటోనికి తెలిసినంత నాకు తెల్వకపాయె అన్నది. మేకల ముసలాయనకు నేను ఏమీ చెప్పలేదు అన్నాను.  చెప్పుల పట్టీ బిగించుకుంది. అదే నాకు ఎక్కువ భయమైంది.

అదే రోజు, సాయంత్రం

6.0.  పొడి తాగుతున్నా అంతే దిగింది.

ఎస్తేరమ్మే డాక్టరుకు నీళ్ల సంగతి చెప్పింది. డాక్టరు కలం కింద పెట్టి, అయితే ఇప్పుడే భర్తీ వద్దు, నీళ్లు మానేసి రెండు వారాలు చూద్దాం అన్నాడు. ఆమె నా వైపు తిరిగి, నిరోష నాయనా, నువ్వు జర బయట కూసో అన్నది.

అరగంట. ఆమె ఇదివరకు కూర్చున్న బెంచీ మీదే కూర్చున్నాను. తలుపు లోపలి మాటలు వినపడలేదు. ఒకసారి డాక్టరు నవ్వినట్టు వినిపించింది. బయటికి వచ్చాక ఏమన్నాడంటే, చెప్పిండు అన్నది. మిషన్ సంగతి అడిగావా అంటే, అడిగిన అన్నది. అంతే. బస్సులో కిటికీ పక్కన కూర్చుని బీచుపల్లి గుడికి పోయే కార్లు లెక్కపెడుతున్నట్టు చూసింది.

ఏప్రిల్ 5, శనివారం

సంత. ఇద్దరం పోయాం. ఆమె ఒక్కో కాయ గోటితో గిచ్చి చూసింది. ముదిరిన దొండకాయలు కొంటున్నావు ఇన్నాళ్లు అన్నది.

ఇప్పుడు వార్చిన నీళ్లు చల్లారేదాకా ఆమే గిన్నె దగ్గర కూర్చుంటుంది. చల్లారాక తనే తీసుకుపోయి మొక్కకు పోస్తుంది. పోసేటప్పుడు మొఖం పక్కకు తిప్పుకుంటుంది.

ఏప్రిల్ 8, మంగళవారం

అడిగాను, లోపల డాక్టరుతో ఏం అనుకున్నారని. బీరకాయ పొట్టు అంత మందంగ తీయకు, సగం కాయ పోతుంది అన్నది.

ఏప్రిల్ 10, గురువారం

మళ్లీ అడిగాను. యోసేపు మిషన్ మీద ఎట్లా పోయాడో నాకు గుర్తుంది, ఆ రోజు ఆమె నాతో చెప్పిన మాట గుర్తుంది. ఇంట్లనే పోనియ్యి అన్న మాటే డాక్టరుకు చెప్పి ఉంటుందని నా భయం. అది అయితే అది అని తెలిసినా బాగుండు. తెలియకపోవడమే నన్ను నమిలేస్తుంది. పొద్దున మూకుడు పొయ్యి మీద పెట్టి, నూనె పోయకుండానే జీలకర్ర వేశాను. మాడిన వాసనకు ఆమె వచ్చి మంట తీసింది. పరేషాన్ గాకు, ఇంక దినాలున్నయి అన్నది. దేనికి దినాలున్నాయో చెప్పలేదు.

నిరోషకు ఫోను చేసి అంతా చెప్పాను. అది ఏడ్చింది. తర్వాత, బీట్‌రూట్ నేనే తెచ్చిన గద నాయనా అన్నది. నువ్వు తెచ్చినందుకే తెలిసిందమ్మా అన్నాను.

ఏప్రిల్ 13, ఆదివారం

గోకరకాయ, అదే గోరుచిక్కుడు. నార తీసి, చిన్నగా తుంచి, వార్చి, ఎల్లిగడ్డ కారం. ఆమె పక్కన నిలబడి చెప్పింది, నేను చేశాను. ఇద్దరం చేసిన మొదటి కూర. ఉప్పు చాలలేదని ఎవరూ అనలేదు.

ఏప్రిల్ 17, గురువారం

5.1.

డాక్టరు కాగితం మీద అంకె చుట్టూ గుండ్రంగా గీశాడు. అయినా కిడ్నీ పదిహేను పాళ్లే, అది పెరగదు, ఈ తిండితో మిషన్‌ను వెనక్కి నెట్టగలం గానీ లేకుండా చేయలేం అన్నాడు. ఈసారి ఇద్దరి ముందూ చెప్పాడు. ఎస్తేరమ్మ తెలిసిన మాటే అన్నట్టు తల ఊపింది.

మందులు తీసుకుని వెనక్కి చూస్తే ఆమె లేదు. వెతికాను. కింద డయాలసిస్ గది తలుపు పట్టుకుని నిలబడి ఉంది. లోపల నాలుగు మంచాలు. ఆమె వయసు మనిషి ఒకామె మంచం మీద పడుకుని ఉంది. చేతికి ఎర్రని గొట్టాలు. ఆమె మాట్లాడుతున్నది, ఎస్తేరమ్మ వింటున్నది. నన్ను చూసి కూడా కదలలేదు. పది నిమిషాలు నిలబడ్డాను.

దారిలో ఏం మాట్లాడారంటే, పొద్దున ఏం కూర తిన్నవని అడిగిన అన్నది. ఆమె ఏమన్నదంటే, సొరకాయ, కోడలు చేస్తదట, సప్పగ చేస్తదట అన్నది. ఎల్లిగడ్డ ఎర్రగ వేగినంక ముక్కలెయ్యమని చెప్పిన, ఉప్పు ఆఖరుకు అన్నది.

ఏప్రిల్ 18, శుక్రవారం

మందిరంలో మూడు గంటలు. ప్రార్థనలో మనసు నిలవలేదు. ఉపవాసం. పొయ్యి వెలిగించలేదు.

ఏప్రిల్ 20, ఆదివారం

ఈస్టరు. నిరోష, అల్లుడు వచ్చారు. వాళ్లకు మాంసం ఎస్తేరమ్మే వండింది. డాక్టరు చెప్పినట్టు తనకు రెండే ముక్కలు వేసుకుంది. నేను క్యాబేజీ చేశాను. అల్లుడు మాంసం పక్కకు జరిపి క్యాబేజీ మారు అడిగాడు. నా తీర్మానం ఈ రోజుతో అయిపోయిందని నిరోష గుర్తు చేసింది. ఎస్తేరమ్మ ఏమంటుందోనని చూశాను. నీళ్లు తాగుతున్నది.

ఏప్రిల్ 21, సోమవారం

మబ్బు. తూర్పు గాలి. దొండకాయలు అరకిలో కడిగి తొడిమలు తీశాను.

ఎస్తేరమ్మ ఎదురుగా కూర్చుని నేను రాసేది చూస్తున్నది. రాసుకో అన్నది. ఎండలు తగ్గినంక జూన్‌ల చెయ్యికి ఆపరేషన్ చేపిచ్చుకుంట, మిషన్ సూది గుచ్చేతందుకు నరం తయారు చేస్తరట, ఎడమ చెయ్యి అన్నది. అన్నను ఊపిరి ఆడనప్పుడు ఎత్తుకపోయిండ్రు, నేను నడుసుకుంట పోత అన్నది.

ఎప్పుడు అనుకున్నావంటే, నిన్ను బయట కూసోవెట్టిన నాడే డాక్టరుకు చెప్పిన అన్నది.

పద్దెనిమిది దినాలు నాకెందుకు చెప్పలేదన్నాను. నువ్వెన్ని దినాలు చెప్పలే, పుస్తకంల చూడు అన్నది. చూశాను. మార్చి 6 నుంచి ఏప్రిల్ 2 దాకా, ఇరవై ఏడు.

నీ లెక్కకు నాకు ఇంక తొమ్మిది దినాలు ఉండె, పోనీలే అన్నది.

కలం పట్టుకుని కూర్చున్నాను. అక్షరాలు సరిగ్గా కనిపించడం లేదు. రాసింది చాలు, కత్తిపీట ఇటు తే అంటున్నది. దొండకాయలు నిలువుగా...